ఫోన్లో తెరుచుకోని వెబ్‌సైటు ఎవరి కోసం?

మా మామకి నాయుడుపేటలో మోటార్ల వైండింగ్ షాపు ఉంది. బోరు మోటార్లు, మోనోబ్లాకులు, అప్పుడప్పుడూ రైసుమిల్లుల మోటార్లు.. కాలిపోయినవి తెస్తే పాత తీగ పీకేసి కొత్త రాగి తీగ చుట్టి ఇస్తారు. నా చిన్నప్పుడు సెలవులకెళ్తే అక్కడే కూర్చుని వార్నిష్ వాసన పీలుస్తూ తీగ ముక్కలతో ఉంగరాలు చేసుకునేవాడిని. ఇంజనీరింగులో ఎలక్ట్రికల్ తీసుకోమని మామ, కంప్యూటర్స్ తీసుకోమని లోకం. ఎవరు గెలిచారో చెప్పక్కర్లేదనుకుంటా :)

రెండేళ్ళ కిందట సంక్రాంతికి వెళ్ళినప్పుడు, "అల్లుడూ, నువ్వు సాఫ్ట్‌వేరే కదా, నాకొక వెబ్‌సైటు చేసిపెట్టు" అన్నాడు. దేనికి మామా అంటే, మేనకూరు సెజ్ లో ఒక ఫ్యాక్టరీ వాళ్ళు వెండర్ ఫారం ఇచ్చారంట. జీఎస్టీ నంబరు, బ్యాంకు ఖాతా.. వాటి కింద వెబ్‌సైటు అని ఒక గడి. "అన్నీ నింపినా. ఆ ఒక్కదాంట్లో గీత కొట్టి ఇయ్యడానికి మనసు రాలా" అన్నాడు.

చెన్నై తిరిగొచ్చాక రెండు శనివారాలు కూర్చుని చేశాను. ఆఫీసులో రోజూ వాడేదే కాబట్టి రియాక్టు. తెరవగానే వెనకాల మోటారు తిరుగుతున్న వీడియో, కిందికి జరిపితే పక్కనుంచి జారుకుంటూ వచ్చే బొమ్మలు, మూలన ఒక చాట్ డబ్బా. మామకి ఇంగ్లీషు రాదు కానీ సైటంతా ఇంగ్లీషే. 'ఎక్సలెన్స్', 'సొల్యూషన్స్' లాంటి మాటలు కూడా రాశానని ఇప్పుడు ఒప్పుకోడానికి సిగ్గుగా ఉంది. తర్వాత ఊరెళ్ళినప్పుడు ల్యాప్‌టాప్ షాపులో బల్ల మీద పెట్టి చూపించాను. మామ, పనివాళ్ళు, ఎదురుగా టీ కొట్టాయన అందరూ చుట్టూ చేరారు. మామ ముఖం వెలిగిపోయింది. ఫారంలో గడి నిండింది.

ఫిబ్రవరి చివర్లో ఒకరోజు మామ ఫోను. ఓజిలి వైపునుంచి ఎప్పుడూ వచ్చే రైతు ఒకాయన మోటారు కాలిపోయింది. వరి పొట్ట మీద ఉంది. మామ నంబరు పాత ఫోనుతో పాటే పోయింది. షాపు పేరు గుర్తుంది కాబట్టి కొడుకు ఫోన్లో వెతికితే మా సైటే వచ్చింది, నొక్కాడు. పొలంలో సిగ్నల్ సంగతి తెలిసిందే. తెల్ల తెర, మధ్యలో గుండ్రంగా తిరిగే చక్రం. చూసి చూసి, గూడూరులో తెలిసినవాళ్ళెవరో ఉంటే మోటారు అక్కడికి తీసుకుపోయాడు. తర్వాతెప్పుడో మామకి ఎదురుపడి, "మా మోటారు తిరగలా గానీ నీ సైటు మాత్రం బాగా తిరగతా ఉండాదన్నా" అన్నాడంట.

మామ నవ్వుతూనే చెప్పాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లేచి కొలిచాను. మొదటి పేజీ 4 మెగాబైట్లు. పొలం గట్టు మీద సెకనుకి వంద కిలోబిట్లు దొరికాయనుకుందాం. 4 మెగాబైట్లంటే 32 వేల కిలోబిట్లు, అంటే 320 సెకన్లు, ఐదు నిమిషాల పైన! ఆ ఐదు నిమిషాలు ఆగినా ఫోన్ నంబరు కనపడాలంటే మూలన మూడు గీతలు నొక్కి, 'కాంటాక్ట్' నొక్కి, అక్కడ బొమ్మలో ఉన్న నంబరు చూసి కాగితం మీద రాసుకోవాలి. అవును, బొమ్మలో పెట్టాను. డిజైను బాగుంటుందని.

ఆఫీసులో ఇదే పని చేస్తే ఎవడో ఒకడు రివ్యూలో పట్టుకుని ఉతికేవాడు. సొంత మామ అయ్యేసరికి నన్ను అడిగేవాడే లేడు. నేను ఆ సైటు కట్టింది రైతుకీ కాదు, మామకీ కాదు. నాకు. ల్యాప్‌టాప్ చుట్టూ చేరి చూసే ఆ పది నిమిషాలకి. మనలో ఊళ్ళో బంధువుకి సైటు చేసిపెట్టిన వాళ్ళు చాలామందే ఉంటారు. ఒకసారి ఆ సైటుని మీ ఆఫీసు వైఫై మీద కాకుండా ఊళ్ళో, బస్సులో, నాలుగేళ్ళ పాత ఫోన్లో తెరిచి చూడండి.

ఈ బాధ మనకి కొత్త కాదు. ఫోన్లో వెబ్ అన్నది మొదలైన దగ్గర్నుంచీ ఇదే గొడవ. జపాన్లో డొకోమో వాళ్ళు 1999 లో ఐ-మోడ్ తెచ్చినప్పుడు చిన్న తెరకి సరిపడా చిన్న పేజీలు రాయించారు, జనం విరగబడి వాడారు. మిగతా ప్రపంచానికి వ్యాప్ వచ్చింది, దాన్ని వాడి ఇష్టపడ్డవాడిని నేనింతవరకూ చూడలేదు. 2006 లో ఏకంగా ఫోన్ సైట్లకే అని '.మొబి' పేర్లు అమ్మారు. ఫోనుకొక చిరునామా, కంప్యూటరుకొక చిరునామా. ఆ ఏడాది జనవరిలోనే ఒపేరా మినీ ప్రపంచమంతటికీ వచ్చింది. పేజీని తన సర్వర్లో పిండి, నలిపి, చిన్నది చేసి ఫోనుకి పంపేది. మా అన్న నోకియాలో తెలుగు చదవడానికి దాని సెట్టింగుల్లోకెళ్ళి సంక్లిష్ట లిపుల్ని బొమ్మలుగా చూపించమని పెట్టుకునేవాడు. లేకపోతే తెలుగంతా డబ్బాలే. ఈ చిట్కా తెలియని తెలుగు బ్లాగరు అప్పట్లో ఉండేవాడు కాదని చెప్తాడు.

2010 మే లో ఈథన్ మార్కాట్ 'రెస్పాన్సివ్ వెబ్ డిజైన్' వ్యాసం రాశాక రెండు చిరునామాల బాధ తప్పింది. ఒకే పేజీ, తెరని బట్టి సర్దుకుంటుంది. కాకపోతే సర్దుకునేది వెడల్పు మాత్రమే, బరువు కాదు. మనవాళ్ళు అక్కడే ఆగిపోయారని నా అభిప్రాయం. బ్రౌజరు కిటికీని మూలన పట్టుకుని ఇరుకు చేసి "చూశారా, మొబైల్ ఫ్రెండ్లీ" అంటాం. 4 మెగాబైట్లు ఇరుకు తెర మీద కూడా 4 మెగాబైట్లే.

గూగులమ్మ మాత్రం ఈ విషయంలో మొహమాటపడలేదు. 2015 ఏప్రిల్ 21 న ఫోన్లో సరిగ్గా కనపడని పేజీల్ని ఫోన్ వెతుకులాటలో వెనక్కి నెట్టడం మొదలుపెట్టింది. ఇప్పుడైతే సైటుని చదవడమే ఫోన్ లాగా చదువుతుంది. అంటే మామ ల్యాప్‌టాప్ లో చూసి మురిసిన సైటుని గూగుల్ ఎప్పుడూ చూడనే లేదన్నమాట.

"సైటు గోలెందుకు, యాప్ చేసిపడేస్తే పోలా" అన్నాడు నా రూమ్మేటు. దానికి మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. మింత్ర 2015 మే లో వెబ్‌సైటు మూసేసి యాప్ మాత్రమే అంది. 2016 జూన్ కల్లా కంప్యూటర్ సైటు కూడా మళ్ళీ తెరిచింది. ఫ్లిప్‌కార్టు కూడా 2015 లో ఫోన్ సైటు తీసేసి, ఆ నవంబరులోనే 'ఫ్లిప్‌కార్ట్ లైట్' పేరుతో వెనక్కి తెచ్చింది. అన్ని కోట్లు ఖర్చుపెట్టి యాప్ వేయించగలిగిన వాళ్ళకే కుదరలేదు. మూడేళ్ళకోసారి కాలే మోటారు కోసం ఏ రైతు మా మామ యాప్ వేసుకుంటాడండీ?

సరే, రెండోసారి ఎలా చేశానో చెప్తాను. ఈసారి ముందు కోడ్ రాయలేదు. ఊరెళ్ళి ఒక రోజంతా షాపులో కూర్చుని, మామకి వచ్చే ఫోన్లు విన్నాను. అందరూ అడిగేవి అవే. షాపు తెరిచుందా? ఆదివారం ఉంటారా? ఐదు హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ చుట్టడానికి ఎంతవుతుంది? ఎప్పుడిస్తారు? బస్టాండు నుంచి ఎట్టా రావాలి? మధ్యలో మామ ఒకాయనతో "నీది అయ్యేదాకా మన మోటారు ఒకటి తీసకపో, నీళ్ళు ఆపబాక" అన్నాడు. నేను ఉలిక్కిపడ్డాను. ఇది ఎప్పట్నుంచి ఇస్తున్నావు మామా అంటే "మొదట్నుంచీ ఇస్తానే ఉండాం గదా" అన్నాడు. పైరు ఎండిపోతుందని భయపడుతూ ఫోన్ చేసే మనిషికి ఇంతకన్నా పెద్ద మాట ఏముంటుంది? నా 4 మెగాబైట్ల సైటులో 'ఎక్సలెన్స్' ఉంది గానీ ఇది లేదు.

ఇప్పుడు సైటంటే ఒకే పేజీ. ఉత్త హెచ్‌టీఎంఎల్, నాలుగు లైన్ల స్టైలు, స్క్రిప్టు అసలు లేదు. అన్నిటికంటే పైన పెద్ద అక్షరాల్లో ఫోన్ నంబరు, నొక్కితే నేరుగా కాల్ పోతుంది. దాని కింద "పని అయ్యేదాకా వాడుకోవడానికి మోటారు ఇస్తాం". ఆ కింద వేళలు, దారి, వాట్సాప్ లంకె. షాపు బోర్డు ఫోటో ఒక్కటి, బాగా కుదించి. మొత్తం కలిపి 60 కిలోబైట్లు దాటలేదు. ఇందాకటి లెక్కే వేస్తే ఐదు సెకన్లు. ధరలు పెడదామంటే మామ ఒప్పుకోలేదు, "విప్పి చూడందే ఎట్టా చెప్తా" అన్నాడు. అందుకని "విప్పి చూసి, ధర చెప్పి, మీరు సరేనన్నాకే పని మొదలుపెడతాం" అని రాశాం. ధర పెట్టడం కంటే అదే బాగుందని నాకిప్పుడు అనిపిస్తోంది.

అంతా తెలుగులోనే. అందమైన తెలుగు ఫాంటు దింపుదామని చేయి దురద పెట్టింది కానీ ఊరుకున్నాను. గుణింతాలు, ఒత్తులు అన్నీ కలుపుకుని మన ఫాంటు ఫైలు ఇంగ్లీషు దానికంటే బాగా బరువు. ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో తెలుగు ఎలాగూ ఉంటుంది, అది చాలు. (తెలుగు అక్షరాన్ని తక్కువ అంచనా వేయకండి, 2018 ఫిబ్రవరిలో ఒక్క 'జ్ఞా' ఐఫోన్లని కూలగొట్టింది. ఆపిల్ వాళ్ళు ఆగమేఘాల మీద సరిచేయాల్సి వచ్చింది.)

ఇక ప్రచారం. ఈ మాట వినగానే 'ఎస్ఈఓ ప్యాకేజీ, నెలకింత' అని ఫోన్లు చేసేవాళ్ళు గుర్తొస్తారు. నాయుడుపేట లాంటి ఊళ్ళో వైండింగ్ షాపుకి ఆ ప్యాకేజీ అక్కర్లేదని ఖచ్చితంగా చెప్తాను. కావలసింది గూగుల్ మ్యాపులో షాపు సరైన చోట ఉండటం, సరైన నంబరు, సరైన వేళలు. మామ షాపు అప్పటికే మ్యాపులో ఉంది! ఎవరు పెట్టారో ఏమో, హైవేకి అవతలి పక్క, పాత ల్యాండ్‌లైను నంబరుతో. అది మన పేరు మీదకి తెచ్చుకుని సరిచేయడానికి డబ్బులేమీ అవలేదు. మా ఊరు మామూలు ఊరు కాదు కదా, చెన్నై-కలకత్తా హైవే మీద శ్రీకాళహస్తి, తిరుపతి రోడ్డు కలిసే చోటు. గుర్తు రోడ్డుకి అవతల పడితే మోటారు వేసుకొచ్చిన ఆటో ఎక్కడో చుట్టూ తిరిగి రావాలి.

ఊరి పేరుతో ఇంకో తమాషా. ఇంగ్లీషులో దీన్ని చివర 'ఎ' తో రాసేవాళ్ళు, లేకుండా రాసేవాళ్ళు, రైల్వేవాళ్ళలాగా మధ్యలో 'వై' పెట్టేవాళ్ళు. పైగా ఇప్పుడు ఊళ్ళల్లో చాలామంది టైపు చేయరు, మైకు నొక్కి తెలుగులో అడుగుతారు. అందుకని పేజీలో తెలుగు పేరుతో పాటు ఆ ఇంగ్లీషు రూపాలు కూడా ఒక వాక్యంలో ఇమిడ్చాను. 2022 లో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకి మారాం కాబట్టి, చిరునామాలో ఆ సంగతి కూడా రాయాల్సి వచ్చింది. పాత బిల్లు పుస్తకాల్లో ఇంకా నెల్లూరు జిల్లానే.

మామకి తన సొంత ప్రచారం ఒకటుంది, నాకంటే ఇరవై ఏళ్ళ ముందు నుంచి. చుట్టిన ప్రతి మోటారుకీ, వీలైతే పొలంలో స్టార్టరు డబ్బా లోపలి మూతకీ నంబరున్న స్టిక్కరు అంటిస్తాడు. మోటారు ఆగినప్పుడు రైతు మొదట తెరిచేది ఆ మూతే. ఇంతకంటే సరైన చోట ప్రకటన వేయగల కంపెనీ నాకు తెలిసి లేదు. ఆ రైతు డబ్బా మీద కూడా ఉండేదేమో, ఎండకి వెలిసిపోయి ఉంటుందన్నాడు మామ. నేను అత్యుత్సాహంతో ఆ స్టిక్కరు మీద క్యూఆర్ కోడ్ వేసి, కొట్టగానే ఆ మోటారుకి ఏ గేజి తీగ, ఎన్ని చుట్లు వేశారో వచ్చేలా చేద్దామన్నాను. మామ నా వంక జాలిగా చూసి, బీరువాలో అట్టలేసి దాచిన నోటు పుస్తకం చూపించాడు. "ఈ లెక్కలే నా అన్నం అల్లుడూ. ఇది ఊరందరికీ పెడతావా?" నోరు మూసుకున్నాను. క్యూఆర్ కోడ్ ఇప్పుడు పేజీకే పోతుంది. నిజం చెప్పాలంటే దాన్ని కొట్టేవాళ్ళు తక్కువే, అందరూ కింద నంబరే చూసి చేస్తారు. అందుకే నంబరు అచ్చు పెద్దది చేయించాం, ఎండకి తట్టుకునే రకం స్టిక్కరు మీద.

ఒక నెలంతా కొత్తగా వచ్చిన వాళ్ళని "ఎట్టా తెలిసింది" అని అడిగి గీతలు పెట్టమన్నాను. మ్యాపులో చూసి వచ్చామన్నవాళ్ళు 11 మంది, సైటు చూసి అన్నవాళ్ళు ముగ్గురు, మిగతా అందరూ ఎవరో చెప్తేనే. అలాంటప్పుడు సైటెందుకు, మ్యాపు, వాట్సాపు చాలవా అని మీరడగొచ్చు. నేనూ అడుక్కున్నాను.

చాలవని ఎందుకంటున్నానంటే.. 2011 నవంబరులో గూగుల్ మన దేశంలో చిన్న వ్యాపారాలకి మొదటి ఏడాది ఉచితంగా పేరు, సైటు ఇచ్చే కార్యక్రమం పెట్టింది. 2017 జనవరిలో సుందర్ పిచాయ్ ఢిల్లీ వచ్చి, ఫోన్లోనే పది నిమిషాల్లో సైటు కట్టుకునే ఉచిత సదుపాయం ప్రకటించారు. 'బిజినెస్ డాట్ సైట్' చిరునామాలు అవే. నిజంగా మంచి పని, వంక పెట్టడానికి లేదు. తేలికైన పేజీలు, ఫోనుకి సరిపడేవి. కానీ 2024 మార్చిలో వాటన్నిటినీ ఆపేశారు. జూన్ 10 దాకా నొక్కినవాళ్ళని మ్యాపులోని వివరాలకి మళ్ళించారు, ఆ తర్వాత అదీ లేదు. ఆ చిరునామాని బోర్డు మీద రాయించుకున్నవాళ్ళు, పెళ్ళి క్యాలెండర్ల మీద అచ్చు వేయించుకున్నవాళ్ళ పరిస్థితి ఆలోచించండి. 2020 జూన్ లో టిక్‌టాక్ ఒక్క రాత్రిలో పోయింది. 2021 అక్టోబరు 4 న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రాం, వాట్సాపు మూడూ కలిసి ఆరు గంటలు పడిపోయాయి. అద్దెకొట్టులో వ్యాపారం చేయొద్దనడం లేదు, మా మామ షాపే అద్దెది. కానీ బోర్డు మీద పేరు మాత్రం తనదే.

పేరంటే గుర్తొచ్చింది. మామ స్నేహితుడొకాయన కల్యాణ మండపం నడుపుతాడు. ఆయనకి ఎవరో ఏజెన్సీ వాళ్ళు ఏడాదికి 18 వేలు తీసుకుని సైటు చేశారు. డొమైన్ వాళ్ళ సొంత పేరు మీద కొన్నారు. రెండేళ్ళకి వాళ్ళు ఫోన్ ఎత్తడం మానేశారు, పేరు గడువు దాటింది, వేరెవరో కొనేసుకున్నారు. ఇప్పుడు మండపం గేటు మీద ఉన్న చిరునామా కొడితే ఏవో పేకాట ప్రకటనలొస్తున్నాయి. పెళ్ళివారు ఫోన్ చేసి "అదేందండీ" అని అడిగితే ఆయనకి ఏం చెప్పాలో తెలీదు. ఆ పేరు ఏడాదికి వెయ్యి రూపాయల లోపు వ్యవహారం! ఇలాంటి పేజీకైతే ఉచితంగా జాగా ఇచ్చేవాళ్ళు కూడా ఉన్నారు, క్లౌడ్‌ఫ్లేర్, గిట్‌హబ్ లాంటివాళ్ళు. మనలో ఎవరం చేసినా డొమైన్ మాత్రం వ్యాపారి పేరు మీద, ఆయన ఈమెయిలుతో, ఆయన ఫోనుకి ఓటీపీ వచ్చేలా, ఆయన డబ్బుతోనే కొనిపించాలి. ఆ పాస్‌వర్డు ఆయన దగ్గర ఉండాలి. మనం పెళ్ళి చేసుకుని డల్లాస్ పోతాం, ఉద్యోగం మారతాం, మర్చిపోతాం.

ఇంకోటి, ఉచితంగా చేయకండి. ఇది చెప్తే మా అమ్మ కోప్పడింది, మామ దగ్గర డబ్బు తీసుకుంటావా అని. మొదటిసారి ఉచితంగా చేశాను కాబట్టే నా ఇష్టమొచ్చినట్టు చేశాను, మామ మొహమాటపడి నోరెత్తలేదు. రెండోసారి రెండు వేలు అడిగి తీసుకున్నాను. అప్పుడు చూడాలి.. అక్షరాలు చిన్నవన్నాడు, ఫోటో పాతదన్నాడు, "ఆదివారం మధ్యాహ్నం దాకా" అని ఎందుకు రాయలేదన్నాడు. మూడుసార్లు మార్పించాడు. అన్నీ సరైన మార్పులే.

డొమైన్ గడువు తేదీ ఆ గేజీలు, చుట్లు రాసుకునే పుస్తకంలోనే మొదటి పేజీలో రాసుకున్నాడు. మండపం ఆయన ఈమధ్య ఫోన్ చేశాడు. పాత పేరు తిరిగి రాదు, కొత్త పేరు తీసుకుని గేటు మీద రంగు వేయించాల్సిందేనని చెప్పాను. నా రేటు ఆయనకీ రెండు వేలే. పదిహేను వందలకి చేయమంటున్నాడు, ఇంకా తేలలేదు.